కొండ మీద డ్యూటీ, కొండ కింద కాపురం

పోయిన నెల నైట్ షిఫ్టుల గురించి రాశాక చాలా మెసేజులు వచ్చాయి. అందులో డాలస్ గ్రూపులోంచి ఒకావిడ అడిగింది: "అక్కా, మా చెల్లికి కొలరాడో కొండల్లో ఒక హాస్పిటల్ నుంచి ఆఫర్ వచ్చింది. గంట రేటు ఇక్కడికన్నా బాగా ఎక్కువ. ఫోటోలు చూస్తే స్వర్గమే. కానీ ఇల్లు మీరే చూసుకోవాలి అంటున్నారు. అక్కడి అద్దెలు చూసి మా మరిదికి నోట మాట రాలేదు. చేరమనమంటారా, వద్దంటారా?"

ఒక్క మెసేజులో జవాబు ఇచ్చే సంగతి కాదిది, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే పెడుతున్నాను. నేను కూడా ఆ కొండల్లోనే పనిచేస్తున్నాను. ఏ ఊరో, ఏ హాస్పిటలో మాత్రం చెప్పను. ఈ గ్రూపుల్లో ఏ మెసేజు ఎక్కడికి ఫార్వర్డ్ అవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు కదా! ఉదాహరణకి ఆస్పెన్ ఊరు తీసుకుంటాను. ఆ ఊరు చేసినన్ని ప్రయోగాలు ఈ విషయంలో అమెరికాలో ఇంకే కొండ ఊరూ చేసి ఉండదు. మంచీ చెడూ రెండూ అక్కడే కనపడతాయి.

ఆస్పెన్ అంటే మనకి సినిమా తారలూ, ప్రైవేట్ విమానాలూ గుర్తొస్తాయి. కానీ అది పుట్టింది గనుల ఊరుగా. 1880లలో వెండి దొరికి జనం ఎగబడ్డారు. 1893లో ప్రభుత్వం వెండి కొనే చట్టాన్ని రద్దు చేసింది, ధర పడిపోయింది, ఊరు ఖాళీ అయింది. 1930 జనాభా లెక్కల్లో అక్కడ మిగిలింది ఏడువందల మంది చిల్లర. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చికాగో వ్యాపారి వాల్టర్ పెప్కీ, ఆయన భార్య ఎలిజబెత్ వచ్చి, ఇక్కడ సంగీతం, చదువు, స్కీయింగ్ అన్నీ కలిపి ఒక ఊరు చేద్దామనుకున్నారు. 1946లో స్కీ కంపెనీ పెట్టారు. అక్కణ్ణుంచి కథ మారిపోయింది. ఒకప్పుడు కొండలోంచి వెండి తవ్వి బతికిన ఊరు, ఇప్పుడు కొండని చూపించి బతుకుతోంది.

ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 7,900 అడుగుల ఎత్తులో, ఇరుకు లోయలో ఉంది. చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ప్రభుత్వ అడవి. అంటే కట్టుకోవడానికి కొత్త నేల పుట్టదు. ఉన్న కాస్త నేల మీద ఇల్లు కొనడానికి ప్రపంచంలోని డబ్బున్నవాళ్ళందరూ పోటీకి వస్తారు. ఊళ్ళో జనం ఏడువేల మందే గానీ, ఇప్పుడు విడి ఇల్లు కొనాలంటే పది మిలియన్ డాలర్లు దాటడం అక్కడ వింత కాదు. మనం ధరలు కొండెక్కాయి అంటాం చూడండి, అక్కడ నిజంగానే కొండెక్కి కూర్చున్నాయి. అంత పెట్టి కొన్నవాళ్ళు ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి వెళ్తారు. మిగతా రోజులన్నీ ఆ ఇళ్ళు హీటరు వేసుకుని ఒంటరిగా ఉంటాయి.

మరి ఆ ఊళ్ళో మంచు తోసేవాడు ఎక్కడుండాలి? హోటల్లో పక్కలు వేసే అమ్మాయి? బడిలో టీచరు? కాలు విరిగి వచ్చిన స్కీయర్‌కి ఐవీ పెట్టే నర్సు?

జవాబు: కింద. తిరుమల కొండ మీద పనిచేసేవాళ్ళలో చాలామంది తిరుపతిలో కాపురముండి రోజూ ఘాట్ రోడ్డెక్కి వెళ్ళినట్టే, ఇక్కడా హైవే 82 పట్టుకుని పైకెళ్తారు. బసాల్ట్, కార్బన్‌డేల్, గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్, ఇంకా దూరం రైఫిల్. గ్లెన్‌వుడ్ నుంచి ఆస్పెన్‌కి నలభై మైళ్ళు. మామూలు రోజైతే గంట. మంచు రోజైతే దేవుడి దయ. ఇంకో తమాషా ఏంటంటే, పైన చోటు లేక కిందకి దిగినవాళ్ళ వల్ల కింది ఊళ్ళ అద్దెలు కూడా పెరిగి, అక్కడివాళ్ళు ఇంకా కిందకి దిగుతున్నారు. నీళ్ళు పల్లానికి పోయినట్టు పనివాళ్ళు కూడా పల్లానికి జారుతూనే ఉన్నారు.

బస్సులు మాత్రం బాగుంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. రోరింగ్ ఫోర్క్ ట్రాన్స్‌పోర్టేషన్ అథారిటీ వాళ్ళు 2013లో గ్లెన్‌వుడ్ నుంచి ఆస్పెన్ దాకా వేగం బస్సులు మొదలుపెట్టారు. పల్లె ప్రాంతంలో అలాంటి బస్సు పద్ధతి అమెరికాలో అదే మొదటిది. కానీ ఒక లెక్క వేసుకోండి. ఏడు గంటల షిఫ్టు అంటే నాలుగున్నరకే లేవాలి. రాత్రి ఏడున్నరకి హ్యాండోవర్ అయి ఇల్లు చేరేసరికి తొమ్మిది. పన్నెండు గంటల డ్యూటీ కాస్తా పదహారు గంటలవుతుంది. పిల్లలు నిద్రపోతుండగా వెళ్ళి, నిద్రపోయాక వస్తాం. వారానికి మూడు రోజులే కదా అంటారు. ఆ మూడు రోజులు ఇంట్లో అన్నం ఎవరు వండుతారో ముందు తేల్చుకుని అప్పుడు అనండి.

ఇక అసలు విషయం. ఈ ఇళ్ళ సంగతి మార్కెట్టుకి వదిలేస్తే తేలదని ఆస్పెన్‌కి చాలా ముందే అర్థమైంది. ఊరూ, కౌంటీ కలిసి ఆస్పెన్-పిట్కిన్ కౌంటీ హౌసింగ్ అథారిటీ అని ఒకటి నడుపుతున్నాయి. దాని కింద ఇప్పుడు సుమారు మూడువేల ఇళ్ళున్నాయి, కొన్ని అద్దెకి, కొన్ని సొంతానికి. ఏడువేల మంది జనాభా ఉన్న ఊరి పక్కన ఆ సంఖ్య పెట్టి చూడండి, చిన్న విషయం కాదు. ఆస్పెన్‌లో ఇప్పటికీ బడికి నడిచెళ్ళే పిల్లలు ఉన్నారంటే ఆ ఇళ్ళ పుణ్యమే.

డబ్బు ఎక్కడిదంటారా? ఊళ్ళో ఇల్లు చేతులు మారినప్పుడల్లా ఒక శాతం పన్ను ఈ ఇళ్ళ నిధికి పోతుంది. పది మిలియన్ల బంగళా అమ్ముడైతే సుమారు లక్ష డాలర్లు. ఇది నాకు భలే నచ్చిన ఏర్పాటు. ధర పెంచినవాళ్ళ చేతే పనివాళ్ళ ఇంటికి చందా కట్టించడం! మిగతా ఊళ్ళు కూడా ఇలాగే చేయొచ్చుగా అంటే, కుదరదు. 1992లో కొలరాడో ఓటర్లు రాజ్యాంగ సవరణ చేసి కొత్తగా ఇలాంటి పన్ను వేయకూడదన్నారు. అంతకు ముందే ఉన్నవాటికి మాత్రం మినహాయింపు. ఇది కాక, కొత్త హోటలో దుకాణమో కట్టాలనుకున్నవాళ్ళు, అందులో పనిచేయబోయేవాళ్ళలో కొంతమందికి ఇల్లు చూపించాలి, లేదా దానికి బదులు డబ్బు కట్టాలి. 2022లో రాష్ట్రం మొత్తానికి కూడా ఓటర్లు ప్రపోజిషన్ 123 ఒప్పుకుని, ఆదాయపు పన్నులో కొంత భాగం ఇళ్ళకి కేటాయించారు.

సరే, ఇల్లు దొరికితే షరతులేంటి? ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ముఖ్యంగా ఆ డాలస్ చెల్లెలు. ఈ ఇళ్ళ దస్తావేజులోనే షరతులు రాసేస్తారు. డీడ్ రిస్ట్రిక్షన్ అంటారు. ఆ ఇంట్లో ఉండాలంటే ఏడాదికి కనీసం 1,500 గంటలు పిట్కిన్ కౌంటీలో పనిచేయాలి. ఏడాదిలో తొమ్మిది నెలలు ఆ ఇంట్లోనే కాపురముండాలి. ఆ లోయలో ఇంకో ఇల్లు ఉండకూడదు. ఆదాయానికీ ఆస్తికీ పరిమితులున్నాయి, వాటిని బట్టి కేటగిరీ. సొంతానికి అమ్మే ఇళ్ళకి చాలావరకు లాటరీయే.

1,500 గంటలంటే మన భాషలో ఎంత? వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేస్తే 36, యాభై రెండు వారాలకి 1,872. నెల రోజులు ఇండియా వెళ్ళొచ్చినా 1,728 మిగులుతాయి. ఫుల్ టైమ్ నర్సుకి ఇబ్బంది లేదు. కానీ బిడ్డ పుట్టిందని వారానికి రెండు షిఫ్టులకి తగ్గారనుకోండి, 24 గంటల లెక్కన 1,248. పోయింది! గ్లెన్‌వుడ్‌లో ఇంకో హాస్పిటల్లో విడిగా చేసే షిఫ్టులు కలుపుకుందామంటే, అది వేరే కౌంటీ, లెక్కలోకి రాదు.

మీ ఆయన ఐటీ ఉద్యోగం ఇంట్లోంచి చేస్తున్నాడా? కంపెనీ న్యూజెర్సీదైతే ఆ గంటలు కూడా ఆ ఇంటికి పనికిరావు. కానీ ఆయన జీతం మాత్రం ఇంటి ఆదాయం కింద లెక్కేస్తారు. అంటే ఆయన జీతంతో మీ కేటగిరీ మారుతుంది, ఇల్లు నిలబడేది మాత్రం మీ షిఫ్టుల మీద.

ఇది చదివి కొందరు నవ్వుకుంటున్నారని తెలుసు. మనలో ఎంతమందిమి డిపెండెంట్ వీసా మీద వచ్చాం? ఆయన ఉద్యోగం ఉంటే మనకి ఊరు, లేకపోతే అరవై రోజుల్లో పెట్టె సర్దుకోవడం. ఆ భయంలో ఏళ్ళు గడిపాం. ఇక్కడ తిరగబడింది, ఇంటిల్లిపాదికీ నీడ ఇచ్చేది భార్య డ్యూటీ. గర్వంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ గర్వానికి ఒక బరువు ఉంది. నడుం పట్టేసినా, మేనేజరుతో పడకపోయినా, ఊళ్ళో అమ్మకి బాగోలేక నాలుగు నెలలు వెళ్ళి కూర్చోవాలనిపించినా, ముందు ఇంటి లెక్క గుర్తొస్తుంది. సెలవు కావాలంటే ముందుగా అథారిటీకి రాసి అనుమతి తీసుకునే దారి ఉంది. చెప్పకుండా విమానం ఎక్కడం మాత్రం వద్దు. ఇంట్లో ఎవరూ లేరని వాళ్ళకి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టదు, చిన్న ఊళ్ళు కదా.

ఇంకో షరతు ఉంది, మన తెలుగువాళ్ళకి మింగుడు పడనిది. ఆ ఇంటి ధర ఏడాదికి మూడు శాతం మించి పెరగదు. నిత్యావసరాల ధరలు అంతకన్నా తక్కువ పెరిగితే ఆ తక్కువే. ఉదాహరణకి మూడు లక్షల డాలర్లకి కొన్నారనుకోండి. పదేళ్ళ తర్వాత ఎంత బాగా పెరిగినా నాలుగు లక్షల దగ్గర ఆగిపోతుంది. పక్క వీధిలో బంగళా ఆ పదేళ్ళలో మూడింతలైనా మీకు సంబంధం లేదు. అమ్మేటప్పుడు కూడా అర్హత ఉన్న ఇంకో పనివాళ్ళకే అమ్మాలి. పిల్లలకి రాసిద్దామంటే వాళ్ళూ ఆ అర్హతల్లోకి రావాలి.

స్థలం కొని పడేస్తే అదే పెరుగుతుంది అని వింటూ పెరిగినవాళ్ళం మనం. కూతురి పెళ్ళికి పొలం, కొడుకు చదువుకి ప్లాటు. ఇల్లంటే ఉండటానికే, పెరగడానికి కాదు అంటే మన మగాళ్ళు "మరి కొనడం ఎందుకు?" అంటారు. నా మటుకు నాకు ఆ షరతు న్యాయంగానే కనపడుతుంది. ధర పెరగనిచ్చి ఉంటే, మొదట కొన్నామె లాభం తీసుకుని వెళ్ళిపోయేది, మీ చెల్లికి ఈ రోజు ఇల్లే ఉండేది కాదు. అయితే దానికి తగ్గ కష్టం కూడా చెప్పాలి. ఇంటిని అమ్మి బయట ఊళ్ళో కొనుక్కోవాలంటే చేతికొచ్చే డబ్బు చాలదు. కాబట్టి ఒకసారి అందులో చేరినవాళ్ళు కదలరు. పాత కాండోల్లో పైకప్పు మార్చాలన్నా, బాయిలర్ మార్చాలన్నా ఓనర్లు తలో చెయ్యీ వేయడానికి వెనకాడతారు, పెట్టింది తిరిగి రాదు కదా అని. కొనేముందు ఆ బిల్డింగ్ సంఘం దగ్గర రిపేర్ల నిధి ఎంతుందో అడగండి. అన్నట్టు, ఆస్తులు చూపించమన్న చోట హైదరాబాద్‌లో మీ పేరున ఉన్న ఫ్లాటు దాచకండి. ఎవరికి తెలుస్తుందిలే అనుకునే విషయం కాదది.

రిటైరైనవాళ్ళ సంగతి ఇంకా చిక్కు. చాలా ఏళ్ళు అక్కడే పనిచేసినవాళ్ళు రిటైరయ్యాక కూడా షరతుల మేరకు ఆ ఇంట్లోనే ఉండొచ్చు. ముప్పై ఏళ్ళు ఊరికి చాకిరీ చేసిన టీచరమ్మని అరవై ఐదేళ్ళకి లేచి పొమ్మంటే ఊరు ఊరేనా? కానీ ఆమె స్థానంలో వచ్చిన కొత్త టీచరుకి ఇల్లేది? మళ్ళీ కట్టాలి. నేలెక్కడ? ఈ గొడవకి అక్కడ ఇంకా ముగింపు లేదు, నా దగ్గరా లేదు.

అన్ని ఊళ్ళూ ఆస్పెన్ దారిలో లేవు. వేల్ అనే ఊరుంది, 1962లో స్కీ కొండ తెరిచాకే అసలు ఊరంటూ ఏర్పడింది. వాళ్ళకి కట్టడానికి చోటు లేదు, అందుకని ఉన్న ఇళ్ళ నుంచే మాట కొనుక్కుంటున్నారు. ఇల్లు కొనేవాళ్ళకో ఉన్న ఓనరుకో ఊరు డబ్బిస్తుంది. బదులుగా, ఈ ఇంట్లో ఎప్పటికీ ఈగల్ కౌంటీలో వారానికి సగటున 30 గంటలు పనిచేసే మనిషి ఉండాలి అని దస్తావేజులో రాయించుకుంటుంది. ధర మీద పరిమితి లేదు, ఆదాయం మీద లేదు. ఎగువ మధ్యతరగతికి ఇదే నయం. కానీ ధర పెరిగిపోతుంటే వంట మనిషికి ఏం ఒరిగిందని అడిగేవాళ్ళూ ఉన్నారు, సబబే. బ్రెకెన్‌రిడ్జ్ ఊరు 2021లో టూరిస్టులకి రోజువారీ అద్దెకిచ్చే ఇళ్ళ లైసెన్సులకి పరిమితి పెట్టింది, ఇళ్ళన్నీ హోటళ్ళైపోతున్నాయని.

కెనడా చెల్లెళ్ళు మమ్మల్ని మర్చిపోయారా అంటారు. మీ విస్లర్ ఊరు 1997లోనే హౌసింగ్ అథారిటీ పెట్టుకుంది. పనివాళ్ళలో కనీసం 75 శాతం మంది ఊళ్ళోనే ఉండాలని గురి పెట్టుకుంది. 2010 ఒలింపిక్స్‌కి ఆటగాళ్ళ కోసం కట్టిన గ్రామాన్ని ఆటలయ్యాక ఊరివాళ్ళ ఇళ్ళుగా మార్చారు. ఒలింపిక్స్ కోసం కట్టి పాడుబెట్టిన కట్టడాలు ప్రపంచంలో ఎన్ని లేవు! వీళ్ళ తెలివికి మెచ్చుకోవాలి.

ఇక హాస్పిటలో, రిసార్టో తానే ఇచ్చే ఇల్లు. ఇది వేరే జాతి, దీన్ని హౌసింగ్ అథారిటీ ఇంటితో కలపకండి. సింగరేణి క్వార్టర్లలోనో ఉక్కునగరంలోనో పెరిగినవాళ్ళకి నేను విప్పి చెప్పక్కర్లేదు. నాన్న ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రాజభోగం, రిటైరయ్యాక తాళాలు ఇచ్చేయడం. అక్కడ కనీసం రిటైర్మెంటు తేదీ ముందే తెలుసు. ఇక్కడ ఉద్యోగం ఏ రోజు పోతుందో తెలియదు. మాతో పనిచేసిన ఒక నర్సు, యజమాని ఇచ్చిన అపార్ట్‌మెంట్లో ఉండేది. సూపర్‌వైజర్‌తో మాటా మాటా వచ్చి రాజీనామా చేసింది. రెండు వారాల్లో ఖాళీ చేయమన్నారు, ఫిబ్రవరి నెలలో, ఇద్దరు పిల్లలతో. బడి మధ్యలో ఉంది, ఊళ్ళో ఇంకో ఇల్లు లేదు. పిల్లల్ని డెన్వర్‌లో అక్క ఇంటికి పంపి, తను ఒక స్నేహితురాలి సోఫా మీద పడుకుని ఇంకో ఉద్యోగం వెతుక్కుంది. చట్ట ప్రకారం వాళ్ళు చేసింది తప్పో కాదో పక్కన పెట్టండి, ఆమె సంతకం పెట్టిన కాగితంలో అదే రాసుంది. ఎవరూ చదివి చెప్పలేదు.

అందుకని డాలస్ అక్కా, మీ చెల్లికి చెప్పండి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు హెచ్‌ఆర్‌ని కొన్ని అడగమనండి, అదీ ఫోన్లో కాదు, ఈమెయిల్లో. మీరే ఇల్లు ఇస్తారా? ఇస్తే ఎన్ని నెలలు? ఉద్యోగం మానేస్తే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి? ముప్పై రోజులంటే చాలదు, అరవై అయినా రాయించుకోమనండి. కుటుంబానికా, ఒక్క మనిషికా? చాలాచోట్ల ఇచ్చేది గదే, రూమ్మేట్‌తో. ప్రసవం సెలవులోనో, దెబ్బ తగిలి ఇంట్లో ఉన్నప్పుడో ఇల్లు ఉంటుందా? అద్దె జీతంలో కోస్తారా, కోస్తే ఎంత? సొంతంగా ఇల్లు చూసుకునేదాకా సాయం ఏమైనా ఉందా, బస్సు పాసు ఇస్తారా? మంచుకి రోడ్డు మూసేస్తే పైన పడుకోవడానికి చోటుందా, లేక డుమ్మా కింద రాస్తారా? ఇది ఉత్త ఊహ కాదు, 2021లో బురద కొట్టుకొచ్చి గ్లెన్‌వుడ్ కాన్యన్‌లో ఐ-70 రెండు వారాలు మూసేశారు, చుట్టు తిరిగి వెళ్ళడానికి గంటలు పట్టింది.

నర్సులు దొరక్క ట్రావెల్ నర్సుల్ని పెట్టుకుంటున్న చోట, ఈ ప్రశ్నలు అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకోరు. అవసరం వాళ్ళది. మనం మొహమాటపడి అడగం, తర్వాత ఏడుస్తాం.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ చెల్లి ఒంటరిగా ఉంటే, లేదా మరిది ఇంట్లోంచి పనిచేస్తూ పిల్లల్ని చూసుకోగలిగితే, ఒక ఏడాది కాంట్రాక్టుకి వెళ్ళమనండి. మొదటి ఏడాది కింది ఊళ్ళోనే అద్దెకుండి, వచ్చిన మొదటి వారంలోనే హౌసింగ్ అథారిటీలో కాగితాలు మొదలుపెట్టాలి. పని చరిత్ర ఎక్కువున్నవాళ్ళకి లాటరీలో ఎక్కువ చీటీలు వస్తాయి, కాబట్టి మొదటి రోజు నుంచీ పే స్టబ్బులన్నీ దాచమనండి. ఇద్దరూ నైట్ డ్యూటీలైతే, ఇద్దరు చిన్నపిల్లలుంటే, హాస్పిటల్ ఇల్లు ఇవ్వనంటే, వద్దనే అంటాను. గంటకి ఎంత ఎక్కువిచ్చినా ఆ డబ్బు అద్దెకీ, డేకేర్‌కీ, టైర్లకీ పోతుంది. డాలస్‌లో మీ ఇల్లు పక్కనే ఉందిగా, ఆ విలువ కూడా లెక్కలో వేయండి.

వెళ్తే మాత్రం ప్రెషర్ కుక్కర్ మర్చిపోవద్దనండి. అంత ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఇడ్లీ పిండి చలికి పొంగదు, ఓవెన్‌లో లైటు వేసి రాత్రంతా లోపల పెట్టాలి.

వచ్చే నెల కువైట్ చెల్లెళ్ళు అడిగిన గ్రాట్యుటీ లెక్కలు రాస్తాను. కొండ ఊళ్ళలో ఉన్నవాళ్ళు మీ అద్దె కాగితంలో ఖాళీ చేయడానికి ఎన్ని రోజులు రాసుందో చూసి నాకు మెసేజ్ పెట్టండి, పేర్లు వద్దు.